తాళంచెవి ఎవరి దగ్గర?

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో అటక మీద పాత కేసెట్ల పెట్టె ఉంటే ఒకసారి దింపి చూడండి. కేసెట్ పైఅంచున రెండు మూలలా రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. షాపులో పాటల చీటీ ఇచ్చి, వారం తిరిగి, ఇష్టమైన పాటలు రికార్డు చేయించుకొచ్చాక మా నాన్న పెన్ను మొనతో ఆ ముక్కల్ని టక్కున విరిచేసేవారు. ఇక పొరపాటున కూడా దాని మీద ఇంకోటి రికార్డు కాదు. మనసు మారిందా, ఆ కన్నం మీద కాస్త సెల్లోటేపు అంటిస్తే సరి. తాళం వేసేదీ ఆయనే, తీసేదీ ఆయనే.

ఇప్పుడు మనం డబ్బిచ్చి కొనే పాటకీ, పుస్తకానికీ, సినిమాకీ కూడా చాలావరకు తాళాలున్నాయి. కాకపోతే తాళంచెవి అమ్మినవాళ్లే ఉంచుకుంటున్నారు.

ఈ తాళం పేరు డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. పొట్టిగా డీఆర్‌ఎం అంటారు. ఫైలు మన ఫోన్లోనే ఉంటుంది గానీ లోపలున్నదంతా గజిబిజి చేసి ఉంటుంది. దాన్ని సరిచేసి చూపించే కీ కంపెనీ కంప్యూటర్ నుంచి రావాలి. కొన్నది ఈయనేనా, ఫోను అదేనా అని చూసుకుని ఆ కంప్యూటర్ సరేనంటే పాట మోగుతుంది. అది కాదన్నా, అసలు ఆ కంపెనీయే దుకాణం కట్టేసినా మనం చేయగలిగిందేమీ లేదు.

నాకిది ఒక పాటల దుకాణం నేర్పింది. చాలా ఏళ్ల క్రితం ముప్పై పాటలు డబ్బు కట్టి, రసీదుతో సహా కొన్నాను. దొంగ సీడీలు కొనే మా బావమరిది ముందు కాస్త గొప్పగా కూడా చెప్పుకున్నాను. తర్వాత ఫోను మార్చాను. పాటలన్నీ కొత్త ఫోన్లోకి వచ్చాయి, పేర్లూ కనిపిస్తున్నాయి. నొక్కితే మాత్రం అనుమతి లేదంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఆ సర్వీసు ఆపేశాం సార్ అన్నారు. మా బావమరిది సీడీ మాత్రం నిక్షేపంగా మోగుతోంది!

పెద్ద కంపెనీల దగ్గరా ఇది జరిగింది. 2009 జులైలో అమెరికాలో అమెజాన్ సంస్థ, ఈ-పుస్తకాలు చదవడానికి తాను అమ్మే కిండిల్ పరికరాల్లోంచి జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని దూరం నుంచే తుడిచేసింది. ఒకటి యానిమల్ ఫామ్. రెండోది, ప్రభుత్వం పాత రాతల్ని మాయం చేయడం గురించి రాసిన ‘1984’ అనే నవల. వాటిని అమ్మకానికి పెట్టినవాళ్లకి హక్కులు లేవట. డబ్బు వాపసు ఇచ్చారు, అమెజాన్ అప్పటి అధినేత జెఫ్ బెజోస్ క్షమాపణా చెప్పారు. కానీ ఒక హైస్కూలు విద్యార్థి ఆ పుస్తకం చదువుతూ రాసుకున్న నోట్సు ఎందుకూ కొరగాకుండా పోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ పోయాయి. అప్పుడూ డబ్బు తిరిగిచ్చారు. మన బీరువాలో పుస్తకం పట్టుకెళ్లి, బల్ల మీద నోట్లు పెట్టి వెళితే ఊరుకుంటామా?

పాటల విషయంలో మాత్రం కథ కొంత మారింది. 2007లో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాశారు. అంతకు ముందు సంవత్సరం తాళం వేసి అమ్మిన పాటలు 200 కోట్ల లోపే. అదే ఏడాది అవే మ్యూజిక్ కంపెనీలు తాళం లేని సీడీల మీద అమ్మినవి 2,000 కోట్ల పైమాటే. మరి ఈ తాళం ఎవర్ని ఆపుతున్నట్టు అని ఆయన ప్రశ్న. 2009కల్లా ఆపిల్ వారి పాటల దుకాణం ఐట్యూన్స్‌లో అమ్మే పాటలన్నిటికీ తాళం తీసేశారు. బ్యాండ్‌క్యాంప్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఇప్పటికీ పాట కొంటే ఫైలు చేతికొస్తుంది. కంప్యూటర్ ఆటల్ని ఇలాగే తాళం లేకుండా అమ్మే జీఓజీ అనే దుకాణం ఉంది. టోర్ అనే ప్రచురణ సంస్థ 2012 నుంచి తన ఈ-పుస్తకాలకి తాళం మానేసింది. సినిమాలే ఇంకా దారికి రాలేదు.

ఒక్క మాట. తాళం లేదంటే ఊరంతా పంచిపెట్టమని కాదు. కాపీరైట్ ఎక్కడికీ పోదు. అలాగే తాళం బద్దలు కొట్టమనీ నేను చెప్పను. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ పని చేస్తే రెండేళ్ల దాకా జైలని 2012లో మన చట్టంలో చేర్చారు. కొనేటప్పుడే తాళం లేనిది చూసుకుంటే ఈ తలనొప్పే లేదు.

తెలుగులో కాపీరైటే తీరిపోయిన సంపద బోలెడుంది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో కన్నుమూశారు. 2014 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. సినిమాల లెక్క ఇంకాస్త తమాషాగా ఉంటుంది. సినిమాకి విడుదలైన ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1957 నాటి మాయాబజార్ మీద, సినిమాగా, హక్కు 2017తో తీరింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో. ఆ సాహిత్యం మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. ఒకే సినిమా, రెండు లెక్కలు!

పాత పుస్తకాలకి తెలుగు వికీసోర్స్ చూడండి. గురజాడ, వీరేశలింగం అక్కడ దొరుకుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో గ్రంథాలయాల స్కాన్లు వేలల్లో ఉన్నాయి. కాకపోతే చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చిన స్పెల్లింగుతో ఉంటాయి. మూడు నాలుగు రకాలుగా వెతకాలి, ఓపిక కావాలి. దొరికాక మధ్యలో పేజీలు లేకపోతే నన్ను తిట్టుకోకండి.

కొన్నది నిజంగా మీదేనా అని తెలుసుకోవడానికి నేను చేసేది చెబుతాను. ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి, నెట్ ఆపేసిన వేరే కంప్యూటర్‌లో, వేరే ప్లేయర్‌తో తెరుస్తాను. పాటలకి ఎంపీ3, ఈ-పుస్తకాలకి ఈపబ్ లాంటి ఫైళ్లు తాళం లేకపోతే మారుమాట లేకుండా తెరుచుకుంటాయి. నెలవారీ యాప్‌లలో డౌన్‌లోడ్ అని కనిపించేది ఈ పరీక్షకి నిలవదు. చందా ఆగిన రోజున అదీ ఆగిపోతుంది.

నాన్న కేసెట్లని నిరుడు లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. 90 నిమిషాల కేసెట్‌కి 90 నిమిషాలూ పక్కన కూర్చోవాల్సిందే. ఒక కేసెట్లో మొదటి సైడు చివరి పాట రెండో చరణంలో తెగిపోతుంది, షాపతను టేపు లెక్క చూసుకోలేదు. ఆ పాట ఇప్పుడు పూర్తిగా ఎక్కడైనా దొరుకుతుంది. అయినా తెగినచోటే ఉంచేశాను. సంక్రాంతికి వచ్చిన మా చెల్లెలు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చివరిదాకా వింది. “ఆ టక్‌మనే చప్పుడు కూడా వచ్చింది అన్నయ్యా” అంది.

నమస్కారం.