వేసవి డబ్బులు, చలికాలం పని

అందరికీ నమస్కారం. మన విజయవాడలో దేనికైనా కోచింగ్ దొరుకుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, పని చేస్తే స్టైపెండ్ ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు ఫీజు లేదు. సెలెక్షన్ గ్యారంటీ అని ఎవరైనా డబ్బులడిగితే దండం పెట్టి వచ్చేయండి.

2005లో మొదలైన ప్రోగ్రామ్ ఇది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే చాలు. డబ్బులు గూగుల్‌వి, పని మాత్రం గూగుల్‌ది కాదు. వికీమీడియా, లిబ్రేఆఫీస్ లాంటి సంస్థలు తమకు కావలసిన పనులు చెబుతాయి. ఎంచుకునేదీ, నేర్పేదీ వాళ్లే. స్టైపెండ్ దేశాన్ని బట్టి, ప్రాజెక్టు సైజును బట్టి మారుతుంది. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి పని చూసి, పాసైతేనే ఇస్తారు.

ఔట్‌రీచీ అని ఇంకోటి ఉంది. టెక్ రంగంలో వివక్షనో, తక్కువ ప్రాతినిధ్యాన్నో ఎదుర్కొంటున్నవాళ్ల కోసం పెట్టింది. మూడు నెలలకు 7,000 డాలర్లు. మన అమ్మాయిల్లో దీని పేరు విన్నవాళ్లే తక్కువ, నాకు అదే బాధ.

ఇక అసలు సంగతి. పేరుకు సమ్మర్ గానీ, దీని కథ చాలావరకు చలికాలంలోనే తేలిపోతుంది. సంస్థల జాబితా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చిలో మొదలవుతాయి. అప్పుడు మేలుకుని ప్రపోజల్ రాస్తే, మెంటర్‌కు, అంటే ఆ సంస్థలో మీకు పని నేర్పాల్సిన మనిషికి, మీరెవరో తెలియదు. డిసెంబరు నుంచి చిన్న చిన్న బగ్‌లు సరిచేస్తున్న పిల్ల పేరు మాత్రం బాగా తెలుసు. మీరైనా ఎవరిని తీసుకుంటారు?

పరిచయం ఎలా అంటారా? మనవాళ్లు పంపే మెసేజ్ ఇలా ఉంటుంది: "హలో సార్, ఐ యామ్ సెకండ్ ఇయర్ స్టూడెంట్, ప్లీజ్ గైడ్ మి." దీనికి మెంటర్ ఏం చెప్పాలి? అదే, "ఉబుంటులో మీ కోడ్‌ను ప్రోగ్రామ్‌గా బిల్డ్ చేస్తుంటే ఫలానా లైబ్రరీ దగ్గర ఆగిపోయింది, ఎర్రర్ ఇది, ఈ రెండూ చేసి చూశాను" అని రాయండి, జవాబు వస్తుంది. అదీ ప్రైవేటుగా కాదు, అందరూ చూసే ఛానెల్లో. అన్నట్టు, అక్కడ సార్ అక్కర్లేదు. పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు, నాలుగు రోజుల్లో అదే అలవాటవుతుంది.

ఇంకో మాట, కొంచెం చేదుగానే ఉంటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, 2020లో ఆ టీషర్టు కోసం వేలాది మంది రీడ్‌మీ ఫైళ్లలో ఊరికే ఒక పదం చేర్చి పుల్ రిక్వెస్టులు, అంటే 'ఈ మార్పు కలుపుకోండి' అనే వినతులు, పంపారు. వాళ్లలో మన దేశపు కుర్రాళ్లు కూడా బాగానే ఉన్నారు. ప్రాజెక్టుల నిర్వాహకులు తలలు పట్టుకుంటే, ఇష్టపడిన ప్రాజెక్టులకే ఆ కార్యక్రమం వర్తించేలా రూల్ మార్చాల్సి వచ్చింది. చాట్‌బాట్ రాసిచ్చిన కోడ్‌ను చదవకుండా పంపడమూ ఆ బాపతే. రివ్యూలో "ఈ లైన్ ఎందుకు?" అని అడిగితే ఏం చెబుతారు?

సెమిస్టర్ పరీక్షల టెన్షన్ ఉంటుంది, తెలుసు. పరీక్షల తేదీలు ప్రపోజల్లోనే రాసేయండి. దాచిపెట్టి జూన్‌లో మాయమైపోతేనే మెంటర్‌కు ఒళ్లు మండుతుంది.

సరే, ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఒక ప్రాజెక్టు తీసుకుని ఇక్కడే బిల్డ్ చేద్దాం. ఎర్రర్ ఎలాగూ వస్తుంది. వచ్చాక ఆ మెసేజ్ కలిసి రాద్దాం.