సైకిలు మీది, చెమట మీది, తెల్లారగట్ల ఉప్మా ఎవరిది?

(శ్రీకాకుళంలో సామూహిక సైకిల్ యాత్రకు ముందు రోజు సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి, బొబ్బిలి నుంచి, పలాస నుంచి కూడా వచ్చారని విన్నాను. సంతోషం. రేపటి దారి మీకు చెప్పే ఉంటారు. అరసవిల్లి మీదుగా శ్రీకూర్మం, అక్కణ్ణించి గార, కళింగపట్నం, తిరుగుదారిలో శాలిహుండం. బయటినుంచి వచ్చినవాళ్లకి ఒక్క మాట. దారి చదునుగా ఉంది కదా అని ధీమా పడకండి. కళింగపట్నం దగ్గర సముద్రపు గాలి ఎదురైతే ఆ చదునే మోకాళ్ల పని పడుతుంది. శాలిహుండం కొండ మీది స్తూపాలు చూడాలంటే సైకిలు కింద పెట్టి నడవాల్సిందే. ఆ పాటికి కాళ్లలో కాస్త సత్తువ మిగుల్చుకోండి. పైనుంచి వంశధార కనిపిస్తుంది, చూడకుండా వెళ్లొద్దు.

నిర్వాహకులు నన్ను వాలంటీర్లకి కృతజ్ఞత చెప్పడం గురించి మాట్లాడమన్నారు. నేను పంచరు గురించి మాట్లాడతాను. నా లెక్కలో రెండూ ఒకటే.

ముందు మనవాళ్లెవరో చూడండి. వాలంటీరు అనగానే మన జిల్లాలో చాలామందికి పింఛను డబ్బులు ఇంటికి తెచ్చి ఇచ్చినవాళ్లే గుర్తొస్తారు. వాళ్లకి గౌరవ వేతనమైనా ఉండేది. వీళ్లకి అదీ లేదు. ఇందులో టీచరున్నారు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఉంది, డిగ్రీ కుర్రాళ్లున్నారు. మీరు అలారం కొట్టక ముందే లేచి ఉప్మాకి తాలింపు వేస్తారు. మలుపు మలుపుకీ సున్నంతో బాణం గుర్తు గీస్తారు. లారీలు తిరిగే జంక్షన్లో ఎర్ర జెండా పట్టుకుని ఎండలో నిలబడతారు. అందరికన్నా వెనక వచ్చే మనిషి వెనకాల, అతని వేగంతోనే, విసుక్కోకుండా తొక్కుతారు. పెళ్లిలో ఆడపిల్ల తరఫువాళ్లు చివరి బంతిలో మిగిలినదాంతో సరిపెట్టుకున్నట్టు, వీళ్లూ మీరందరూ తిన్నాకే తింటారు.

‘ఫీజు కట్టాం కదా’ అనే మాట నాకు అప్పుడప్పుడూ వినబడుతుంది. కట్టారు, కాదనను. ఆ డబ్బు అరటిపళ్లకి, మందుల పెట్టెకి, సామాను బండి డీజిలుకి సరిపోతుంది. ఆ టీచరు గారి ఆదివారం ఆ రసీదులో లేదు.

ఇక పంచరు. రేపు ఇంతమందిలో ఎవరికో ఒకరికి అవుతుంది, అనుమానం లేదు. అప్పుడు రోడ్డు పక్కన నిలబడి సపోర్టు బండికి ఫోను చేస్తే ఏమవుతుంది? బండి ఒక్కటే. అది మీ ట్యూబు మార్చడానికి గార వైపు వస్తే, అదే సమయంలో కళింగపట్నం దారిలో కళ్లు తిరిగి పడిపోయినవాడి దగ్గరికి వెళ్లాల్సిన బండి మీ దగ్గర ఉంటుంది. ఇరవై నిమిషాల్లో మీరే చేసుకోగల పనికి మీరు వాడుకున్నది ఇంకొకరి ఇరవై నిమిషాలు.

కాబట్టి చెప్తాను, వినండి. వెనక చక్రమైతే ముందు గొలుసుని అన్నింటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దించండి. చక్రం సులువుగా వచ్చేస్తుంది. లివర్లతో, అంటే టైరు ఊడదీసే చిన్న బద్దలతో, టైరు ఒక పక్క అంచు మాత్రమే లేపండి, రెండో పక్క జోలికి పోనక్కర్లేదు. ట్యూబు లాగాక చాలామంది చేసే తొందర పని, వెంటనే కొత్తది పెట్టెయ్యడం. ఆగండి. టైరు లోపల చుట్టూ వేళ్లతో మెల్లగా తడమండి. మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ ఎంత ఉందో మీకు తెలుసు. ముల్లు దిగి, పైన విరిగిపోతుంది. బయటికి ఏమీ కనబడదు. లోపల సూదిమొనంత నిలబడి ఉంటుంది. దాన్ని తియ్యకుండా కొత్త ట్యూబు పెట్టారా, అర కిలోమీటరు వెళ్లేలోపు మళ్లీ దిగి తొయ్యాల్సిందే. కొత్త ట్యూబుకి ముందు కాస్త గాలి కొట్టి పెడితే మడత పడదు. టైరు అంచు చివరి జానెడూ బొటనవేళ్లతోనే తోసి ఎక్కించండి. లివరు వాడితే ట్యూబు దాని కింద నలిగి చిల్లు పడుతుంది.

దారిలో ఊళ్లలో సైకిలు షాపులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. నీళ్ల తొట్టి, సొల్యూషను, గరుకు కాగితం పెట్టుకుని మనకన్నా బాగా ప్యాచ్ వేసే పెద్దలున్నారు. వాళ్ల దగ్గరికి తప్పకుండా వెళ్లండి, అడిగిన డబ్బు బేరం లేకుండా ఇవ్వండి. సొంతకాళ్ల మీద నిలబడడమంటే ఊళ్లో షాపుకి వెళ్లకూడదని కాదు. కానీ మీ సన్న చక్రానికి సరిపోయే ట్యూబు అక్కడ దొరకదు. వాళ్ల దగ్గరుండేవి పెద్ద సైకిళ్లవి, చాలా రిమ్ములకి ఆ లావు వాల్వు కన్నంలోనే దూరదు. అందుకే ట్యూబు రెండు, లివర్లు, పంపు మీ సంచిలోనే ఉండాలి.

ఈ నియమం మనం కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో పారిస్–బ్రెస్ట్–పారిస్ అని ఒక యాత్ర ఉంది. 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. సొంత మనుషులు సాయం చెయ్యాలంటే కంట్రోలు పాయింట్ల దగ్గరే, అంటే దారిలో హాజరు వేయించుకునే చోట్లే చెయ్యాలి, దారి మధ్యలో కారు వెంట రాకూడదు. మన దేశంలో జరిగే బ్రెవేలకీ, అంటే గడువు పెట్టి తొక్కే దూరపు యాత్రలకీ, ఇదే పద్ధతి. 200 కిలోమీటర్లయితే పదమూడున్నర గంటల్లో, మన బాగు మనమే చూసుకుంటూ పూర్తి చెయ్యాలి. అంత కఠినంగా ఉండే ఆ పారిస్ యాత్రలోనే దారి పొడుగునా ఊళ్లవాళ్లు ఇంటి ముందు బల్ల వేసి, అర్ధరాత్రి కూడా కాఫీ, నీళ్లు ఇస్తారు. నాకు ఇందులో వింతేమీ కనబడదు. తన పని తను చేసుకునేవాడికి పెట్టడానికి ఎవరికైనా చెయ్యి వస్తుంది.

మనకీ ఆ అలవాటు ఉన్నదే. వేసవిలో చలివేంద్రాలు పెట్టే ఊళ్లు మనవి. ‘ఏటి బావూ, ఇంతెండలో ఏటీ తొక్కుడు? ఉండండి, చోడంబలి తాగి ఎళ్దురు’ అని ఎవరైనా పిలిస్తే, టైమింగ్ పోతుందని తల తిప్పుకోకండి. ఆగండి, తాగండి, గ్లాసు కడిగి ఇవ్వండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నా సంగతి నేనే చూసుకుంటానని మొండికేసేవాళ్లు కూడా వాలంటీర్లని సతాయించేవాళ్లే. ఒక యాత్రలో ఒకాయనకి నడుము పట్టేసింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఎవరికీ చెప్పకుండా సైకిలు బస్సెక్కించి ఇంటికి వెళ్లిపోయాడు. మంచి ఉద్దేశమే. చివర కాపు కాసే కుర్రాళ్లు ఆయన కోసం చీకటి పడేదాకా ఆ రోడ్డంతా టార్చి వేసి వెతికారు, కాలవల్లోకి కూడా తొంగి చూశారు. ఆయన అప్పటికి స్నానం చేసి పడుకున్నాడు. మానేస్తే మానెయ్యండి, అందులో తలవంపులేదు. ఒక్క ఫోను చెయ్యండి.

అలాగే ఎండలో తల దిమ్మెక్కి, మాట తడబడుతుంటే అది పౌరుషానికి సమయం కాదు. నీడకి వచ్చి కూర్చుని, పక్కవాడికి చెప్పండి. మామూలు అలసట అయితే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. మాట తడబడితే మాత్రం అది సపోర్టు బండి పనే. బండి ఉన్నది అందుకే.

థాంక్స్ ఎలా చెప్పాలని ఎవరో చీటీ పంపారు. నోటితో చెప్పండి, మొహం చూసి చెప్పండి, పేరు అడిగి చెప్పండి. అరటితొక్క వాళ్ల కాళ్ల దగ్గర కాకుండా గోనెసంచిలో వెయ్యండి. గ్రూపు ఫొటోలో ఉప్మా వండినవాళ్లని కూడా నిలబెట్టండి, వాళ్లనే ఫొటో తియ్యమని ఫోను చేతికివ్వకండి. ఇవన్నీ చిన్నవే. పెద్దది ఒకటుంది. వచ్చే యాత్రలో ఒకసారి సైకిలు ఇంట్లో పెట్టి, ఆ ఎర్ర జెండా మీరు పట్టుకోండి. పేర్లు రాసే పుస్తకం ద్వారం దగ్గర ఉంది. పెన్ను మాత్రం ఇప్పటికే ఎవరో పట్టుకుపోయారు, మీదే వాడుకోండి.

చెప్పడం అయింది. ఇప్పుడు చేతితో చేసి చూద్దాం. ముందు వరసలో కూర్చున్న తమ్ముడూ, ఆ సైకిలు పైకి తీసుకురా. కొత్తదా? ఫరవాలేదు, వెనక చక్రమే విప్పుదాం. నువ్వే విప్పాలి, నేను పట్టుకోను.