వేవిళ్లు కాని వాంతులు

(తిరుపతి నుంచి ప్రసారమైన ఆరోగ్య ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఒక భాగం)

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి ఒక తల్లి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరమ్మా. మా కోడలికి పదో వారం. వాంతులవుతుంటే వేవిళ్లే అనుకున్నాము. మొన్న రాత్రి పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి పాకి, పడుకోలేక, ఒళ్లో దిండు పెట్టుకుని ముందుకు వంగి తెల్లవార్లూ కూర్చుంది. తిరుపతిలో చేర్పిస్తే, పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, క్లోమం (ప్యాంక్రియాస్) వాచిందనీ అన్నారు. బిడ్డకు ప్రమాదమా?

డాక్టర్: వేవిళ్లలో వాంతులుంటాయి కానీ, వీపులోకి పాకే ఇంత తీవ్రమైన నొప్పి ఉండదమ్మా. గర్భిణుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి పైత్యరసంలో కొలెస్ట్రాల్ ఎక్కువవుతుంది. ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ వల్ల పిత్తాశయం సరిగా ఖాళీ కాదు. అలా ఏర్పడిన చిన్న రాయి జారి, పైత్యరసం, క్లోమరసం పేగులోకి వెళ్లే నాళానికి అడ్డుపడితే క్లోమం వాస్తుంది. బిడ్డకు ముప్పు ప్రధానంగా తల్లి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఆమె ఒంట్లో నీరు తగ్గి, రక్తపోటు పడిపోయి, మావికి రక్తం సరిగా అందకపోతే, తొలి నెలల్లో గర్భస్రావానికీ, తర్వాతి నెలల్లో ముందస్తు కాన్పుకూ అవకాశం ఉంది. అందుకే సెలైన్ ఎక్కించడం, నొప్పి తగ్గించడం తల్లికీ బిడ్డకూ కలిపి చేసే వైద్యమే. తేలికపాటి వాపు చాలామందిలో కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది.

శ్రోత: ఇన్ని స్కానింగులు తీస్తే బిడ్డకేమీ కాదా?

డాక్టర్: అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు, భయపడకండి. నాళాన్ని చూడాలంటే రంగుమందు లేకుండా ఎమ్మారై తీస్తారు. రక్తంలో లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) సాధారణ గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు మించడం కూడా ఈ జబ్బుకు బలమైన గుర్తు. నొప్పి మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి వేయకండి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, అంటే ఒక రకం కొవ్వు, ఎంత ఉన్నాయో చూశారా?

శ్రోత: 210 అని రాశారు.

డాక్టర్: సాధారణంగా 1,000 దాటినప్పుడే వాటివల్ల క్లోమం వాస్తుంది. మీ కోడలి విషయంలో రాళ్లనే అనుమానించాలి.

శ్రోత: రాళ్లకు ఆపరేషన్ కాన్పయ్యాక చేయిద్దామని మా వియ్యపురాలు అంటున్నారు.

డాక్టర్: ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. కానీ రాళ్లను అలాగే వదిలేస్తే, కాన్పులోపే ఈ నొప్పి తిరిగి రావచ్చు, రెండోసారి మరింత తీవ్రంగానూ ఉండవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, పిత్తాశయం తీయడం అనువైనది; అవసరమైతే ముందే చేస్తారు. ప్రసూతి వైద్యురాలూ, సర్జనూ కలిసి నిర్ణయించేలా అడగండి. ఇంటికి వచ్చాక నూనె వంటకాలు తగ్గించండి. జ్వరం, కళ్లు పచ్చబడటం, రక్తస్రావం, మళ్లీ అదే నొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.