ఊలు కొట్టు, పున్నమి రాత్రి, ‘మంత్రగత్తె’ అనే మాట

(హైదరాబాద్ స్టూడియోలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: మసాచుసెట్స్‌లో స్థిరపడిన అల్లిక టీచర్, జానపద విజ్ఞాన పరిశోధకురాలు, మెదక్ ప్రాంతంలో మూఢనమ్మకాల మీద పనిచేసే జనవిజ్ఞాన కార్యకర్త.)

యాంకర్: నమస్కారం. ఈరోజు మన బల్ల మీద కాగితాలతో పాటు ఒక ఊలు ఉండ, రెండు సూదులు కూడా ఉన్నాయి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ కొన్ని ఊలు కొట్లు కొత్త తీరులో నడుస్తున్నాయి. అక్కడ ఊలు అమ్ముతారు, అల్లిక నేర్పుతారు, వారానికో సాయంత్రం అందరూ చుట్టూ కూచుని అల్లుకుంటారు. అదే చోట పున్నమికి దీపాలు పెట్టుకుని ముడికో కోరిక చెప్పుకుంటారు. తమని తాము ‘విచ్’లమని, అంటే మంత్రగత్తెలమని, ఇష్టంగా చెప్పుకుంటారు. అమ్మా, మీరు అలాంటి కొట్టుకి ఆరేళ్ళుగా వెళ్తున్నారు కదా. మొదట ఎలా వెళ్ళారు?

అల్లిక టీచర్: సూది కోసం వెళ్ళానండి, అంతే. మాది నరసాపురం పక్క పల్లె. మా అమ్మ లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లినదాన్ని బట్టి డబ్బులిచ్చేవాడు. నాకు ఏడేళ్ళకే కొక్కెం సూది చేతికొచ్చింది. అమెరికా వెళ్ళాక ఆ సూది పోయింది, కొత్తది కావాల్సొచ్చింది. సేలం ఊరికి దగ్గర్లోనే కొట్టు. పేరు చెప్పను లెండి, టీవీలో చెప్పమంటారా అని వాళ్ళని అడగలేదు.

యాంకర్: లోపల ఎలా ఉంటుంది?

అల్లిక టీచర్: గోడంతా ఊలు చిలపలే, అంటే ఇంకా ఉండ చుట్టని దారం కట్టలు. ఒక మూల చిన్న బల్ల మీద మైనపు వత్తులు, ఎండబెట్టిన ఆకులు, జోస్యం చెప్పే టారో కార్డులు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను, నిజం చెప్తున్నా. మా ఊళ్ళో ఇలాంటి బల్ల చూస్తే పిల్లల్ని లాక్కుని వచ్చేస్తారు. లోపల్నుంచి ఒక పెద్దావిడ వచ్చి ఏమీ అడక్కుండా నా రెండు చేతులకీ ఒక చిలప తగిలించి, ఎదురుగా కూచుని ఉండ చుట్టడం మొదలెట్టింది. చేతులు అటూ ఇటూ ఊపితేనే దారం సాఫీగా వస్తుంది, మీకు తెలుసుగా. చిన్నప్పుడు అమ్మ ఎదురుగా కూచున్నట్టే అనిపించింది. ఆ ఉండ అయ్యేసరికి భయం పోయింది.

కార్యకర్త: ఒక్క మాట అడుగుత మేడం. ఆ కోరికల ముళ్ళు మీరు కూడ వేసిండ్రా?

అల్లిక టీచర్: వేశానండి. జానెడు తాడు, తొమ్మిది ముళ్ళు. ఒక్కో ముడికి ఒక్కో మాట మనసులో అనుకోవాలి. నాకు వాళ్ళు నేర్పక్కర్లేకపోయింది. వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది పోగులకి పసుపు రాసి తొమ్మిది ముళ్ళు వేసి తోరం కట్టుకునే చేతులివి.

పరిశోధకురాలు: ఆ పోలిక తేలిగ్గా తీసిపారేసేది కాదు. అనంత వ్రతానికి పద్నాలుగు ముళ్ళు, పెళ్ళిలో మూడు ముళ్ళు, పసిబిడ్డ మొలకి నల్లతాడు, చేతికి కాశీదారం. యూరప్‌లో చూసినా అంతే. ఉత్తర సముద్రాల పడవవాళ్ళు గాలిని ముళ్ళలో కట్టి అమ్మేవాళ్ళ దగ్గర తాడు కొనేవారని స్వీడన్ మతాధికారి ఒలాస్ మాగ్నుస్ 1555లోనే రాశాడు. ఒక ముడి విప్పితే పిల్లగాలి, రెండోది విప్పితే గట్టి గాలి, మూడోది విప్పితే తుపాను. గ్రీకుల దగ్గర మనిషి ఆయుష్షే ఒక నూలుపోగు. విధిని నడిపే ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరు వడుకుతారు, ఒకరు కొలుస్తారు, ఒకరు తెంపుతారు. నూలు ఆడవాళ్ళ చేతిలో ఉన్నంత కాలం ఆ చేతిని చూసి జనం ఆశపడ్డారు, భయపడ్డారు కూడా.

యాంకర్: సేలం పేరు వచ్చింది కాబట్టి 1692 సంగతి చెప్పండి.

పరిశోధకురాలు: ఆ ఒక్క ఏడాదిలో మంత్రవిద్య నేరం మీద పందొమ్మిది మందిని ఉరితీశారు. గైల్స్ కోరీ అనే ముసలాయన్ని బండరాళ్ళ కింద అదిమి చంపారు. జైల్లో పోయినవాళ్ళు వేరే. ఇక్కడ నూలు కథ ఒకటి ఉంది, నెమ్మదిగా చెప్తాను. అందరికన్నా ముందు, జూన్ 10న, ఉరికంబం ఎక్కింది బ్రిడ్జెట్ బిషప్. ఆమె మీద సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకడు రంగులద్దేవాడు, శామ్యూల్ షాటక్. ఆమె తన దగ్గరికి రంగు వేయించుకోడానికి లేసు ముక్కలు తెచ్చేదనీ, కొన్ని మరీ పొట్టివనీ, అవి దేనికి పనికొస్తాయో తనకి తోచలేదనీ చెప్పాడు. ఇంకో ఇద్దరు పనివాళ్ళు, ఆమె ఒకప్పుడు ఉన్న ఇంటి గోడ కూలుస్తుంటే గుడ్డపేలికలతో, పంది వెంట్రుకలతో చేసిన బొమ్మలు దొరికాయన్నారు. వాటికి సూదులు గుచ్చి ఉన్నాయట. పొట్టి లేసు ముక్క, గుడ్డ బొమ్మ. ఇవి సాక్ష్యాలు!

అల్లిక టీచర్: (కాసేపు ఆగి) మా అమ్మ పెట్టె నిండా పొట్టి లేసు ముక్కలేనండి. నమూనా కోసం నాలుగు వేళ్ళ వెడల్పు అల్లి దాచుకునేవారు. కొత్త డిజైన్ వస్తే చూసి దించుకోవాలిగా.

పరిశోధకురాలు: అదే నేను చెప్పేది. బట్ట పని తెలిసిన వాళ్ళకి అది మామూలు వస్తువు. తెలియనివాడికి, పైగా అనుమానం పెట్టుకుని చూసేవాడికి, అదే చేతబడి. అలా శిక్షపడి, ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్ పేరు మీద మచ్చని మసాచుసెట్స్ రాష్ట్రం 2022లో గానీ తుడిచెయ్యలేదు. అది కూడా ఒక బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుబడితే జరిగింది.

కార్యకర్త: మూడొందల ముప్పై ఏండ్లు!

యాంకర్: మరి అదే మాటని అక్కడి ఆడవాళ్ళు ఇప్పుడు నెత్తిన పెట్టుకోవడం ఎలా జరిగింది?

పరిశోధకురాలు: బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. మూడేళ్ళకి జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన మంత్రవిద్య మీద పుస్తకం రాశాడు. అక్కణ్ణుంచి విక్కా అనే కొత్త మతం బయటికొచ్చింది. అది ప్రాచీన మతమే అని ఆయన అన్నాడు గానీ చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో కూర్చిన మతమిది. అలాగని దాన్ని చులకన చెయ్యను. 1986లో అమెరికా ఫెడరల్ కోర్టు అది మతమేనంది. 2007 నుంచి సైనికుల సమాధి రాళ్ళ మీద వాళ్ళ అయిదు కోణాల నక్షత్రం కూడా చెక్కుతున్నారు. ఆడవాళ్ళ ఉద్యమం వచ్చాక, ‘మమ్మల్ని చంపడానికి వాడిన మాటని మేమే తీసుకుంటాం’ అనే పట్టుదల దీనికి కలిసింది.

అలాగే, పాతవని చెప్పే ప్రతిదీ పాతది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1878లో ఇంగ్లండులో వెల్లింగ్టన్ అనే ఊళ్ళో ఒక పాత ఇంటి అటక మీద ఈకలు గుచ్చిన తాడు దొరికింది. ‘మంత్రగత్తె నిచ్చెన’ అన్నారు. ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లో పిట్ రివర్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని ఒక పెద్ద సభలో చూపిస్తే, వింటున్నవాళ్ళలో ఇద్దరు లేచి, ‘అది జింకల్ని బెదరగొట్టే తాడండీ’ అన్నారు. ఇవాళ ఆ కొట్లలో అమ్మే ఈకల తాళ్ళన్నీ ఆ ఒక్క అనుమానపు తాడు పిల్లలే.

కార్యకర్త: ఇప్పుడు నా మాట చెప్పనియ్యండి. అమెరికాల ఆమె ‘నేను మంత్రగత్తెను’ అంటే చొక్కా మీద రాసుకుంటది. మా దిక్కు ఎవరూ నేనే అని అనరు. పక్కింటోళ్ళు అంటరు. పిల్లకు జరం తగ్గకపోతే, బర్రె పాలియ్యకపోతే, ‘ఫలానామె చూసింది’ అంటరు. బాణామతి చేసిందని చెట్టుకు కట్టి కొట్టిండ్రు, కాలబెట్టిండ్రు. పండ్లు పీకిన సంగతులు పేపర్ల మీరే సదివిండ్రు. పండ్లు లేకపోతే మంత్రం పలకరాదట. పండ్లు పీకేది ఎవరు? ఆమె చేతి అన్నం తిన్నోళ్ళే. ఆమె పేరు మీద ఎకరమో రెండెకరాలో ఉంటయి, లేకపోతే ఒంటరి మనిషై ఉంటది. అడిగి చూడుండ్రి, పది కేసుల్ల ఎన్నిట్ల భూమి తగాద బయటపడ్తదో.

యాంకర్: చట్టాలు ఉన్నాయి కదా సార్?

కార్యకర్త: బీహార్ల 1999ల వచ్చింది, జార్ఖండ్‌ల 2001ల. అస్సాం 2015ల పాస్ చేసింది. జార్ఖండ్ ఛుట్నీ మహతో, అస్సాం బిరుబాల రాభా, ఇద్దరికీ 2021ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. ఛుట్నీ మహతోనే మంత్రగత్తె అని ఊరోళ్ళు హింసపెట్టి ఎల్లగొట్టిండ్రు. ఆమె ఊకోలే, తనలెక్క ఎల్లగొట్టబడ్డోళ్ళను చేరదీసింది. నాకు ఆమె పేరు తలిస్తే ఒళ్ళు జలదరిస్తది. అందుకే అడుగుతున్న మేడం, కోపంతోని కాదు. ఆ మాటను పండుగ చేసుకునుడు మనకు మంచిదేనా? రేపు ఇక్కడ ఎవరో రీల్స్ చూసి అదే పేరుతోని దుకాణం పెడితే?

అల్లిక టీచర్: మంచిది కాదండి. నేను ఆ మాట ఇక్కడికి తేను. అక్కడ కూడా నేను విచ్‌నని చెప్పుకోలేదు. వాళ్ళు అడిగితే, ‘మా దేశంలో ఈ మాట ఆడదాని ప్రాణం తీస్తుంది, నేను పెట్టుకోలేను’ అన్నాను. ఆ పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వారం గోడ మీద రాసి పెట్టింది, ఈ పేరు పెట్టుకునే స్వేచ్ఛ అందరికీ లేదు అని.

కానీ నేను వదిలిపెట్టనిది ఒకటుంది. మా అమ్మ పోయినప్పుడు వీసా కాగితాలు తేలక నేను రాలేకపోయాను. ఫోన్లో చూశాను అంతా. ఆ వారం కొట్టుకి వెళ్ళి కూచున్నా గానీ చెయ్యి కదల్లేదు. సూది మీద నా అల్లిక సగంలో ఉంది. పక్కనున్న అమ్మాయి నెమ్మదిగా తీసుకుని ఒక వరస అల్లి పక్కామెకిచ్చింది. ఆమె ఒక వరస. అలా పదకొండు మంది. ఎవరి బిగువు వాళ్ళది, ఒకరిది వదులు, ఒకరిది గట్టి. చివరికి నా చేతికొచ్చింది. ఎవరూ మంత్రం చదవలేదు. ఆ శాలువా ఇదేనండి. ఇక్కడ చూడండి, ఈ వరస ముడుచుకుపోయింది, ఆమెకి చెయ్యి బిగువెక్కువ. విప్పి సరిచెయ్యమంటే నా వల్ల కాదు.

(శాలువా చేతులు మారుతుంది.)

యాంకర్: డబ్బు సంగతి కూడా అడగాలి. నమ్మకం ఉన్నచోట వ్యాపారం దూరుతుంది కదా.

అల్లిక టీచర్: దూరుతుందండి. మరో ఊళ్ళో ఒక కొట్లో ఏడు రంగుల ఊలుని, ఒంట్లో ఉంటాయనే ఏడు చక్రాల పేరుతో, ‘చక్రాల సెట్’ అని మూడింతలు ధరకి అమ్ముతున్నారు. నేను కౌంటర్ దగ్గర గట్టిగానే మాట్లాడాను. ‘ఈ ఊలు నిద్ర పట్టిస్తుంది’ అని చీటీ అంటించారు కూడా.

పరిశోధకురాలు: ఆ ఏడు రంగుల ఇంద్రధనుస్సు వరస మన తాంత్రిక గ్రంథాల్లో అలా ఉండదు. అది పడమట ఈమధ్య చేసిన కూర్పు. మన పేరు పెట్టి మనకే అమ్ముతారు! అలాంటి చోట్ల శుద్ధి కోసమని వేసే తెల్ల సేజ్ అనే మొక్క ఆకు పొగ కూడా అంతే. కాలిఫోర్నియా ఆదివాసులకి అది పవిత్రం, వాళ్ళు వద్దంటున్నా కట్టలు కట్టలుగా కొండల మీంచి కోసుకుపోతున్నారు. 2015లో ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడి, చేతికి ఏ వస్తువూ ఇవ్వకుండా ఉట్టి మంత్రాలు అమ్మకూడదంది. అంటే అంతగా అమ్మకాలు జరిగాయన్నమాట.

కార్యకర్త: నా గీత ఒకటే. ముడి ఏసుకుని మనసు నిమ్మలం చేసుకుంటవా, ఏసుకో. రోగం తగ్గిస్త అని పైసలు తీసుకుంటే మాత్రం నేను పోలీస్‌స్టేషన్‌కు పోత.

అల్లిక టీచర్: మీతో నేనూ వస్తానండి. మా కొట్లో చాతీలో గడ్డ ఉందని చెప్పినామెని ఆ పెద్దావిడే కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దీపం తర్వాత పెట్టారు.

కార్యకర్త: (శాలువా తడుముతూ) ఇది ఏ గొర్రె ఉన్ని? మా గొంగడి గింత మెత్తగుండదు.

అల్లిక టీచర్: మెరినో అండి. మీ దక్కను గొర్రె ఉన్ని గరుకు గానీ వాన ఆపుతుంది. చింతగింజల గంజి పెడతారు కదా?

కార్యకర్త: పెడ్తరు. మా కురుమోళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళే వడుకుతుండె. మేడం, అడగొచ్చో లేదో. నేను పోయే ఊర్ల ఒకామె ఉంది. ఆరునెలలాయె, ఎవరూ ఆమె గడప తొక్కరు. బోరింగు కాడ కూడ పక్కకు జరుగుతరు. ఏం చేసిందంటే ఏం చేయలే. ఒకప్పుడు ఉన్ని వడికేది. కదురు ఇంకా ఇంట్లనే ఉంది, చూరుకు చెక్కి.

అల్లిక టీచర్: నాకు కదురు మీద వడకడం రాదండి. ఎప్పట్నుంచో నేర్చుకోవాలనుంది.

కార్యకర్త: ఆమె నేర్పుతది. పట్నం నుంచి వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూసుంటే ఊరంత చూస్తది.

అల్లిక టీచర్: నా తిరుగు ప్రయాణం పదహారో తారీకు. ఈ శుక్రవారం వెళ్దామా?

పరిశోధకురాలు: కారు నాది ఉంది. నేనూ కూచుంటాను.

యాంకర్: సమయం అయిపోయింది. అమ్మా, ఊలు ఉండ బల్ల కింద పడింది, చూసుకోండి.