మడతల్లో లెక్క: జర్మానిక్ భాషల ‘ఫోల్డ్’ కథ

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో ‘టూఫోల్డ్’, ‘టెన్‌ఫోల్డ్’ అంటాం కదా, ఈరోజు ఆ చివరి ‘ఫోల్డ్’ సంగతి మాట్లాడుకుందాం. అది మడతపెట్టే ‘ఫోల్డ్’కి చుట్టమే. మనకిది వింతేమీ కాదు, ఇనుమడి, ముమ్మడి అన్నప్పుడు మనమూ మడతలే లెక్కపెడుతున్నాం. సంస్కృతం మాత్రం తాడు పేటలు లెక్కపెట్టింది. ద్విగుణం అంటే రెండు పేటలది. గుణకారంలోని గుణం అదే.

ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ అన్నీ జర్మానిక్ అనే ఒకే భాషాకుటుంబానివి. ఆ కుటుంబంలో దీని పాత రూపం, ఇప్పుడెవరూ మాట్లాడని గోథిక్ భాషలో కనిపిస్తుంది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని ఆ భాషలోకి తెచ్చాడు. మిగిలిన ప్రతుల్లో పేరుమోసినది 6వ శతాబ్దం నాటిది, ఊదారంగు తోలుకాగితం మీద వెండి సిరాతో రాసినది. ఇప్పుడు స్వీడన్‌లో, ఉప్సలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. లూకా సువార్తలో జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానంటాడు. అక్కడ గోథిక్ మాట ‘ఫిదుర్‌ఫల్థ్’. ‘ఫిదుర్’ నాలుగు, ‘ఫల్థ్’ మడత. మంచి నేలన పడ్డ విత్తనం నూరంతలు ఫలించినచోట ‘తెహున్‌తెహుంద్‌ఫల్థ్’. నోరు తిరగాలంటే కాస్త ప్రాక్టీసు కావాలి!

లాటిన్ ‘దుప్లుస్’లోని ‘ప్లుస్’నీ ఈ మూలానికే చేరుస్తారు. లాటిన్‌లో ‘ప’ ఉన్నచోట జర్మానిక్‌లో ‘ఫ’ వస్తుంది, అక్కడి ‘పాతెర్’ ఇక్కడ ‘ఫాదర్’ అయినట్టు. డచ్‌లో ‘ల’ కరిగిపోయి ‘వౌట్’ మిగిలింది. అక్కడి బడిపిల్లలకు ఏకవచనం ‘ఎంకెల్‌వౌట్’, బహువచనం ‘మేర్‌వౌట్’.

అసలు తమాషా ‘ఒక మడత’ దగ్గర ఉంది. మత్తయి సువార్తలో కన్ను తేటగా ఉంటే దేహమంతా వెలుగే అన్నచోట వుల్ఫిలా ‘ఐన్‌ఫల్థ్’ అన్నాడు. అంటే ఒకే మడతది, కపటం లేనిది. బైబిల్‌ని జర్మన్‌లోకి తెచ్చిన లూథర్ కూడా అక్కడ ‘ఐన్‌ఫెల్టిగ్’ అనే వాడాడు. నేటి జర్మన్‌లో మనిషిని ఆ మాట అంటే వెర్రిబాగులవాడని తిట్టినట్టే. అందుకే ఈ కాలపు సవరణ ప్రతులు దాన్ని తీసేసి, స్వచ్ఛమైన అనే అర్థమున్న ‘లౌటర్’ని పెట్టుకున్నాయి. స్వీడిష్ ‘ఎన్‌ఫాల్దిగ్’కీ తెలివితక్కువ అనే అర్థం. డచ్ ‘ఏన్‌వౌదిఖ్’ మాత్రం ఏ మచ్చా పడకుండా ‘సులువైన, నిరాడంబరమైన’గానే నిలిచింది. అమాయకుడు అన్న మాట మెచ్చుకోలో ఎగతాళో చెప్పలేని మనకు ఇది అర్థం కానిదేమీ కాదు.

మరి జర్మన్లు ‘సులువు’కి ఏమంటారు? ‘ఐన్‌ఫాఖ్’. ఈ ‘ఫాఖ్’ వేరే మాట: అర, గడి. బీరువాలో గడినీ, చదువులో సబ్జెక్టునీ కూడా అదే అంటారు. మధ్యయుగాల నుంచీ అది మెల్లగా లెక్కల పనిని లాక్కుంది. రెండింతలు ‘త్స్వైఫాఖ్’, మూడింతలు ‘ద్రైఫాఖ్’. మడత అనే అర్థమున్న పాత ‘ఫాల్ట్’కి లెక్కకు అందని పనులు మిగిలాయి: వైవిధ్యం ‘ఫీల్‌ఫాల్ట్’, క్రైస్తవ త్రిత్వం ‘ద్రైఫాల్టిగ్‌కైట్’. నన్నడిగితే పాతమాటకే గౌరవమైన ఉద్యోగం దొరికింది.

‘ఫాఖ్’, ‘ఫాల్ట్’ రెండూ ఒకే పదబంధంలో కలిసిన చోటు కూడా ఉంది. 1854 జూన్ 10న జర్మనీలోని గ్యోటింగెన్‌లో బెర్న్‌హార్ట్ రీమాన్ అనే గణితవేత్త జ్యామితి పునాదుల మీద ప్రసంగించాడు. ఎన్ని దిశల్లోనైనా విస్తరించే స్థలాన్ని ‘ఎన్-ఫాఖ్’ (‘ఎన్’ అంటే ఏ సంఖ్యైనా) విస్తరించిన ‘మనిఖ్‌ఫాల్టిగ్‌కైట్’ అన్నాడు. దిశల సంఖ్య చెప్పడానికి గడి, ఆ స్థలానికి పేరు పెట్టడానికి మడత. ఇంగ్లీషు గణితంలోకి వచ్చేసరికి అది ‘మానిఫోల్డ్’ అయింది. కారు ఇంజిన్‌లో ఒక గొట్టం నాలుగు పాయలయ్యే భాగాన్ని మన మెకానిక్‌లు పిలిచేదీ ఆ పేరుతోనే.