ఇంట్లో అడిగేందుకు ఎవరున్నారు?

(హనుమకొండలో డిగ్రీ అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

తోటి అధ్యాపకులందరికీ నమస్కారం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లల గురించి నాలుగు మాటలు చెప్తాను.

మా నాయిన ఏనుమాముల మార్కెట్లో హమాలీ. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేటప్పుడు సెలవులకు ఇంటికి పోతే రెండే మాటలు అడిగేవాడు: "తిన్నవా బిడ్డా? పైసలున్నయా?" నా రూమ్మేట్ వాళ్ల నాన్న బడిపంతులు. ఆయన ఫోన్ చేస్తే "నెట్‌కు అప్లై చేసినవా? లాస్ట్ డేట్ ఎప్పుడు?" అని అడిగేవారు. ప్రేమలో మా నాయిన ఎవరికీ తీసిపోడు. కానీ అధ్యాపక ఉద్యోగానికి అర్హత కోసం రాసే నెట్ అనే పరీక్ష ఒకటుందని మా ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. నా రూమ్మేట్ రాసిన ఏడాదిన్నరకు నేను రాశాను. ఆ ఏడాదిన్నర వెనకబాటును చాలాకాలం నా తెలివితక్కువతనం అనుకున్నాను.

పోయిన ఏడాది సంగతి చెప్తాను. అటెండెన్స్ తగ్గినవాళ్ల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టాం. తగ్గిన అటెండెన్స్‌కు మినహాయింపు అడిగే కండోనేషన్ గడువు దాటిన నాలుగో రోజు ఒక పిల్లవాడు చెప్పులు బయట విడిచి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. రమ్మంటేగానీ లోపలికి రాలేదు. బ్యాగులోంచి డాక్టర్ చీటీ తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర చిరిగింది. డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నాడు. మూడు వారాలుగా ఆ చీటీ బ్యాగులోనే ఉంది. ఎందుకియ్యలేదురా అంటే, "ఇయ్యొచ్చని తెల్వదు మేడం" అన్నాడు. అదే లిస్టులో ఇంకో అబ్బాయి ఉన్నాడు, వాళ్లమ్మ ఉద్యోగి. రెండో రోజే ప్రిన్సిపాల్ పేరిట అర్జీ, మెడికల్ సర్టిఫికెట్, జిరాక్సులతో సహా తెచ్చిచ్చాడు. వాడు బాధ్యత గలవాడని, వీడు నిర్లక్ష్యం మనిషని స్టాఫ్‌రూమ్‌లో మనమే అనేశాం. నేనూ అన్నాను.

ఇలా ఇంట్లోంచి అబ్బే తెలివిడిని ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్డ్యూ సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. పొలం లాగా, బంగారం లాగా అదీ తల్లిదండ్రుల నుంచి వచ్చే ఆస్తే. కంటికి కనపడదు కాబట్టి పిల్లల ప్రతిభ అనుకుంటాం. అమెరికాలో 1980లో ఉన్నత విద్యా చట్టాన్ని సవరించినప్పుడు, తల్లిదండ్రులకు డిగ్రీ లేని విద్యార్థులను మొదటి తరం వాళ్లుగా గుర్తించి సహాయ పథకాల్లో చేర్చారు. మన దక్షిణాదిలోనే, తమిళనాడులో, ఇంట్లో మొదటి పట్టభద్రులయ్యేవాళ్లకు వృత్తివిద్యా కోర్సుల్లో 2010-11 నుంచి ట్యూషన్ ఫీజు రాయితీ ఉంది. మనం కులం, ఆదాయం సర్టిఫికెట్లు అడిగి తీసుకుంటాం. ఇంట్లో ఎవరు ఎంతవరకు చదివారని మాత్రం అడగం.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్ల అక్షరాస్యత సుమారు 58 శాతం, మగవాళ్లది సుమారు 75. ఇవాళ మన క్లాసుల్లో కూర్చున్న పిల్లల తల్లులు అప్పటికే పెళ్లయి పిల్లలున్నవాళ్లు. బీడీలు చుట్టి కూతురి బస్ పాస్‌కు పైసలిచ్చే తల్లి ఉంది. రెండో ఏడాదిలో సంబంధం వస్తే, "ఇంకొక్క ఏడాది ఆగుదాం, డిగ్రీ అయితే ఇట్లుంటది" అని ఇంట్లో గట్టిగా వాదించడానికి ఆమెకు చూపించే ఉదాహరణ లేదు.

ఇంకో సంగతి. ఈ పిల్లలకు ఏమీ తెలియదనుకుంటే పొరపాటు. రైతు భరోసా పడిందా లేదా చూసేది వాళ్లే, మీసేవలో లైన్‌లో నిలబడేది వాళ్లే, బ్యాంకులో ఫారం నింపేది వాళ్లే. పత్తి అమ్మేరోజు తండ్రి పక్కన ఉండి తూకం, లెక్క చూసుకునేదీ వాళ్లే. ఆ రోజు మన రిజిస్టర్‌లో ఆబ్సెంట్ పడుతుంది. ఇంటి ఆఫీసు పనంతా మోసే పిల్ల మన ఆఫీసు కిటికీ దగ్గర మాత్రం నోరు విప్పదు. నాకు ఇది బాధగా ఉంటుంది. అడిగితే తిడతారన్న భయం మనం పెట్టిందే.

అందుకే అడిగేదాకా ఆగకుండా మనమే చెబుదాం. నోటీసులు తెలుగులో కూడా రాద్దాం. పేరెంట్స్ మీటింగ్ కూలి పోయే రోజున కాకుండా ఆదివారం పెడదాం. వచ్చిన తల్లితో మార్కుల లిస్టు మీద సంతకం పెట్టించుకుని పంపేయకుండా, బ్యాక్‌లాగ్ అంటే ఏంటో, పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో కూర్చోబెట్టి చెబుదాం.

మీ ముందున్న కాగితం నేను, మా థర్డ్ ఇయర్ పిల్లలు కలిసి తయారుచేసింది. కండోనేషన్, రీవాల్యుయేషన్, స్కాలర్‌షిప్ రెన్యువల్ లాంటివి దేనికి ఎవరి దగ్గరికి, ఏ కాగితంతో పోవాలో తెలుగులో రాశాం. చివరి వరుస ఆ చీటీ పిల్లవాడు రాసిందే: "స్టాఫ్‌రూమ్‌లోకి రావొచ్చు." మీ కాలేజీకి తగ్గట్టు మార్చుకుని, సోమవారం ఫస్ట్ ఇయర్ క్లాసులో చదివి వినిపించండి.