కాంటా మీద తేలేదెంత? తిండి జబ్బు నుంచి కోలుకోవడంపై వరంగల్ స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. "బీఎమ్ఐ 18.5 దాటిస్తాం, తిండి జబ్బు మాయం" అంటూ హన్మకొండలో ఒక బరువు పెంచే సెంటర్ పెట్టిన హోర్డింగ్ మీద రచ్చ నడుస్తోంది. బీఎమ్ఐ అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూపే లెక్క. అనోరెక్సియా, అంటే తిండి మానేసి చిక్కిపోయే జబ్బున్న పిల్ల కోలుకుందని ఎలా తేల్చాలి? డాక్టర్ గారూ, ఇదంతా రీల్స్ వల్లే కదా?

సైకియాట్రిస్ట్: రీల్స్ సంగతి తర్వాత. బరువు పెరగాలె, అది లేనిదే ఏదీ ముందుకు పోదు. కానీ…

సెంటర్ మేనేజర్: మేం చెప్పేది గదే! కాంటా అబద్ధమాడదు మేడమ్.

సైకియాట్రిస్ట్: ఎందుకాడదు? ఎనుమాముల మార్కెట్ల తేమ చూడకుండ పత్తి కొంటరా? పేషెంట్ గూడ కాంటా ఎక్కే ముందు లీటరున్నర నీళ్లు తాగొస్తది. 158 సెంటీమీటర్ల పిల్ల 47 కిలోలు తూగితే బీఎమ్ఐ 18.8. నీళ్లు తీసేస్తే 45.5 కిలోలు, 18.2. మీ హోర్డింగ్ లెక్కల ఆ పిల్ల పాసైపోయింది.

యాంకర్: మరి పట్టుకునేదెలా?

డైటీషియన్: పొద్దుగాల, మూత్రానికి పోయొచ్చినంక, పలుచటి గౌను మీద, ఎప్పుడూ ఒకటే కాంటా మీద తూయాలె. మూత్రం ఎంత చిక్కగున్నదో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.005 కన్న తక్కువొస్తే నీళ్లు తాగిందేమోనని అనుమానించాలె. గన్ని నీళ్లు తాగితే సోడియం పడిపోయి ఫిట్స్…

మేనేజర్: మేం రోజూ తూస్తం, రోజూ రాస్తం! వారానికి రెండు కిలోలు గ్యారంటీ!

డైటీషియన్: రెండా! ఎన్నాళ్ల నుంచో ఎండిన ఒంటికి ఒక్కసారే తిండి ఎక్కిస్తే రక్తంల ఫాస్ఫేట్ దిగిపోతది, గుండె లయ తప్పుతది. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటే గదే. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూస్తున్నరా? తిండి మొదలువెట్టే ముందు థయమిన్, అంటే బీ1 విటమిన్ ఇస్తున్నరా?

మేనేజర్: ప్రోటీన్ పౌడర్ ఇస్తున్నం.

యాంకర్: పౌడర్ల సంగతి అలా ఉంచండి. పిల్లల చేతిలో ఫోన్…

సైకియాట్రిస్ట్: ఒక్క నిమిషం సార్. బులీమియాల, అంటే ఆపుకోలేక తిని కక్కేసే జబ్బుల, బరువు మామూలుగనే ఉండొచ్చు. అక్కడ కాంటాతోని తేలేదేముంది? వారానికి ఎన్నిసార్లు ఆపుకోలేక తిన్నది, ఎన్నిసార్లు కక్కింది, పొటాషియం ఎంతుంది, గవి అడగాలె.

మేనేజర్: మా దగ్గర ఆడపిల్లలకు ఆగిపోయిన నెలసరి గూడ తిరిగొస్తున్నది!

సైకియాట్రిస్ట్: గర్భనిరోధక మాత్రల మీద ఉంటే ఆ రక్తస్రావం మాత్రలతోని వచ్చేదే, దాన్ని లెక్కల పట్టరాదు.

యాంకర్: ప్రశ్నల పట్టిక ఒకటుందటగా?

సైకియాట్రిస్ట్: ఈడీఈ-క్యూ. 28 ప్రశ్నలు, పోయిన 28 రోజుల గురించి, ఎక్కువవాటికి 0 నుంచి 6 దాకా మార్కులు, మార్కులు ఎక్కువైతే జబ్బు ఎక్కువన్నట్టు. బరువు కోసం మెలకువగ 8 గంటలు ఏమీ తినకుండ ఉన్నరా అని అడుగుతది. "లేదు మేడమ్, శనివారం ఒక్కపొద్దు" అంటది పిల్ల. సున్నా పడ్తది. లావైతనని భయమా అంటే "లేదు, కడుపు నిండుగ ఉంటది" అంటది. మన దేశంల గిట్ల చెప్పేటోళ్లు కొత్తేం కాదు. మొదటి రోజే మార్కులు తక్కువొస్తే రేపు తగ్గిందని దేన్ని చూసి చెప్పాలె?

మేనేజర్: విన్నరా! కాయితం గూడ నమ్మరాదని డాక్టరమ్మే ఒప్పుకున్నరు! మిగిలింది ఏంది? కాంటా!

డైటీషియన్: అట్ల కాదన్నా. కంచం చూడాలె. అన్నం అంచులకు నెట్టుతున్నదా, పప్పుల నెయ్యి పక్కకు తీస్తున్నదా, పెండ్లి బంతిల నలుగురితోని కూసుంటదా. అది గూడ ఒక్క పూట కాదు, నెలల తరబడి…

మేనేజర్: కంచం చూస్తే ఎవలు పైసలిస్తరు? తల్లిదండ్రులకు నంబర్ కావాలె! కాంటా, కాంటా, కాంటా!

యాంకర్: ఆ మాటా నిజమే, జనానికి అర్థమయ్యేది ఉండాలి. చివరగా సార్, హోర్డింగ్ తీసేస్తారా?

మేనేజర్: ఎందుకు తియ్యాలె? ఇంకోటి కాజీపేటల పెడ్తున్నం.

డైటీషియన్: ఆ ఫాస్ఫేట్ రిపోర్టులన్న ఒక్కసారి…

యాంకర్: సారీ మేడమ్, టైమ్ లేదు. బ్రేక్ తర్వాత, రీల్స్ మాయలో మన పిల్లలు!